తూనికలాయన సరిచూసినది

తూనికలాయన గురించి ఊళ్ళో చెప్పుకునేవాటిలో సగం కోతలే అనుకున్నా, మిగతా సగం చాలు మనిషి ఎలాంటివాడో తెలియడానికి. ఆయనకి కూతురు పుట్టినప్పుడు నర్సు బరువు చెబితే ఒప్పుకోక, ముందు ఆస్పత్రి త్రాసుని పరీక్షించాడట. ఇంట్లో గోడ గడియారమూ చేతి గడియారమూ ఒకే టైము చూపిస్తుంటే, రెండూ కూడబలుక్కున్నాయేమోనన్న అనుమానంతో మూడోది కొన్నాడట. ఇది నిజమేనా అని భార్యని అడిగితే, "మూడోది ఆగిపోయింది. ఆయన నమ్మేది దాన్నే" అంటుంది నవ్వకుండా.

తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం. మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడి రాళ్ళు పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరుగుతాడు. ఆ రాళ్ళని చేత్తో ముట్టుకోడు. చిన్నవాటిని చిమటాతో, పెద్దవాటిని రుమాలుతో ఎత్తుతాడు, వేలి చెమట కూడా తూగుతుందని. కుడి పళ్ళెంలో చూసినది ఎడమ పళ్ళెంలోనూ చూస్తాడు. అంతా బాగుంటే త్రాసుకున్న సీసపు బిళ్ళ మీద ముద్ర కొట్టి, ఒకే ఒక్క మాట అంటాడు, "సరిపోయింది" అని. తరువాతెప్పుడైనా తేడా వస్తే, ముద్ర కొట్టిన కొట్లోనే, కొనేవాళ్ళందరి ముందూ, ఆ ముద్ర మీద అడ్డగీత కొడతాడు. చాటుగా కొట్టడం ఆయన లెక్కలో లేదు.

అలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన బావమరిది మాత్రం వినబడినదల్లా నమ్మే రకం. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన పాటల గది. ఆ గదిలో పాట వినాలంటే ముందు చాలా తతంగం ఉంది. ఆంప్లిఫయర్ నెత్తిన ఏటి ఒడ్డున ఏరి తెచ్చిన నున్నటి రాయి. స్పీకర్ల కింద రబ్బరు చక్రాలు. ప్లగ్గు పిన్నులు వారం వారం దూదితో తుడవాలి. కొత్తగా ఇప్పుడు, స్పీకరుకి వెళ్ళే వైరు నేలకి తగలకుండా జానెడు జానెడు దూరంలో చెక్కదిమ్మెలు.

"నేల మీద పడుకున్న వైరులో పాట నీరసిస్తుంది బావా," అన్నాడు ఆ ఆదివారం మధ్యాహ్నం. "నేల వణుకు నేలకి ఉంటుంది కదా. దిమ్మెల మీదకి ఎత్తామా, పాట లేచి కూచుంటుంది."

"వైరుకి నడుంనొప్పిట్రా? పోనీ ఓ పరుపు కూడా కుట్టించు, మీ అక్క ఎలాగూ సూదీ దారం పట్టుకునే ఉంది."

పళ్ళ డాక్టరు పకపకా నవ్వాడు. ప్రతి ఆదివారం పాటలు వినడానికి వచ్చే ముగ్గురు నలుగురిలో ఆయన పెద్ద. బావమరిది చెప్పినది నమ్మాలనీ ఉంటుంది, తూనికలాయన ముందు నమ్మాలంటే సిగ్గూ ఉంటుంది.

బావమరిది ముఖం ఎర్రబడింది. "సరే, పరీక్ష పెట్టండి. మీ పద్ధతిలోనే పెట్టండి. తప్పితే రేపే ఇవన్నీ పొయ్యిలో పెడతాను. తప్పకపోతే, అందరి ముందూ మీ నోటితో ఆ మాట అనాలి."

ఏ మాటో అందరికీ తెలుసు.

తూనికలాయన చొక్కా చేతులు మడిచాడు. వైరూ ఆంప్లిఫయరూ ఉన్న మూలకి అడ్డంగా తాడు కట్టించి, దుప్పటి వేలాడదీశాడు. బావమరిది కళ్ళకి రుమాలుతో గంతలు కట్టి, చాలక దాని మీద తువ్వాలు చుట్టాడు. ఫ్యాను ఆపించాడు. కిటికీలు మూయించాడు. పళ్ళ డాక్టరు జేబులో తాళాలు గలగలమంటాయని తీయించి బయట పెట్టించాడు. గోడ గడియారం లోలకాన్ని వేలితో పట్టుకుని ఆపాడు.

"ఈ గదిలో పాట తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు," అన్నాడు.

ఆయన భార్య వంటగది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు గలేబు, నీలం దారపు ఉండ, కత్తెర. తమ్ముడింటికి వచ్చిన ప్రతి ఆదివారం ఆవిడ ఆ గుమ్మం దగ్గరే ఏదో ఒకటి కుట్టుకుంటూ కూర్చుంటుంది. అక్కడి నుంచి చూస్తే దుప్పటి వెనక మూల కనిపిస్తుంది. ఆ సంగతి తూనికలాయన గమనించాడు కూడా. కానీ ఇంట్లో మనిషిని లెక్కలోకి తీసుకోవాలని ఆయనకి తోచలేదు.

నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే వైరు దిమ్మెల మీద, బొరుసు పడితే నేల మీద. దుప్పటి వెనక వంగి, ఊపిరి బిగబట్టి, దిమ్మెలు కదిలిన చప్పుడు కాకుండా సర్ది, వేణువు రికార్డు పెడతాడు. బావమరిది తల కొంచెం పక్కకి వాల్చి వింటాడు.

"లేచింది."

బొమ్మే.

"పడుకుంది."

బొరుసే.

తూనికలాయన కుర్చీ ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్పించాడు, త్రాసు పళ్ళేలు మార్చినట్టు. గంతలు విప్పి మళ్ళీ కట్టాడు. నాణెం మార్చాడు. దిమ్మెలు తీసినట్టే తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. చివరికి దుప్పటి పక్కకి జరుపుకుని బయటికి వచ్చి, రుమాలుతో చేతులు తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

"సరిపోయింది," అన్నాడు.

పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు. ఎదుటివాళ్ళ చేత నోళ్ళు తెరిపించి బతికే మనిషి, తన నోరు తెరుచుకున్న సంగతి చాలాసేపు గమనించలేదు.

ఇంటికి నడిచి వెళ్తుంటే దారంతా తూనికలాయనే మాట్లాడాడు. అది భార్యకి కొత్త. "చూశావా! నేల వణుకు అన్నాడు, నేను నవ్వాను. అసలు నేల వణకదని నాకెవరు చెప్పారు? నేను కొలిచానా? కొలవకుండానే నవ్వాను కదా!" అని చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "కాస్త చూసుకుని నడవండి, గుంట ఉంది" అంది.

మర్నాడు పొద్దున్నే బావమరిది దగ్గర నుంచి తెచ్చిన దిమ్మెలు ఇంట్లో రేడియో వైరు కింద పెట్టాడు. ఆఫీసుకి టైమవుతున్నా కదలలేదు. వేణువు వాయిస్తున్నారెవరో. వాయించేవాడు స్వరానికీ స్వరానికీ మధ్య గబుక్కున ఊపిరి పీల్చుకోవడం స్పష్టంగా వినిపించింది.

"ఇదిగో, ఇక్కడ! ఊపిరి! విన్నావా? మనిషి ఈ గదిలోనే ఉన్నట్టుంది!" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో పరిగెత్తడం అంటే మామూలు సంగతి కాదు. గుమ్మంలో తువ్వాలు జారిపోతే పట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

ఆవిడ కుళాయి కింద గిన్నెలు కడుగుతోంది. మొహం తిప్పకుండానే, "విన్నాను" అంది.

"ఇన్నాళ్ళూ చూపించగలిగితేనే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అనుకున్నాను. ఎంత పొరపాటు! ఎన్ని పోగొట్టుకున్నానో ఏమో!"

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. నీళ్ళు నిండి పొర్లుతున్నాయి.

"ఏమండీ, చూపించలేనివీ ఉంటాయంటున్నారుగా," అంది మెల్లగా. "మరి ఈ గోడలో హోరు..."

వానలు మొదలైనప్పటి నుంచీ వంటింటి గోడలో సన్నటి హోరు వినిపిస్తోందని ఆవిడ అంటూనే ఉంది. తలలో దూరి కూచుంటోందనీ, ఆ గోడ పక్కన నిలబడి వంట చేయలేకపోతున్నాననీ. ఆయన మెయిన్ స్విచ్చి కట్టేసి చూశాడు. గోడకి స్టీలు గ్లాసు ఆనించి, గ్లాసుకి చెవి ఆనించి చూశాడు. ఆవిణ్ణి కళ్ళు మూసుకోమని, స్విచ్చి వేస్తూ తీస్తూ "ఇప్పుడుందా? ఇప్పుడో?" అని అడిగి చూశాడు. ఏమీ లేదని తేల్చాడు.

"అది వేరు. అది తేల్చేశాం కదా," అని తువ్వాలు ఎత్తుకుంటూ రేడియో దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, గోడవైపు చూస్తూ కాసేపు నిలబడింది.

వారం మధ్యలో ఆయన అటుగా డ్యూటీ మీద వెళ్తూ కళ్ళజోళ్ళ దుకాణంలోకి తొంగి చూశాడు. అద్దాల బీరువాలో ఫ్రేముల మధ్య కొత్త వరస ఒకటి వెలిసింది. చిన్న చిన్న అట్టపెట్టెలు, ఒక్కో దాంట్లో దిమ్మెల జత. పెట్టె మీద ముచ్చటైన అక్షరాలతో చీటీ అంటించి ఉంది, "తూనికలాయన సరిచూసినది" అని.

"ఇదేమిట్రా?"

"వడ్రంగికి చెప్పి చేయిస్తున్నాను బావా. పళ్ళ డాక్టరుగారు ఇంటికో జత, ఆస్పత్రికో జత, వాళ్ళ చెల్లెలికో జత పట్టుకెళ్ళారు. ఆస్పత్రిలో రేడియో కింద పెట్టాక పేషెంట్ల కేకలు కూడా కమ్మగా వినిపిస్తున్నాయట!"

"మాట అన్నాను. చీటీ రాయమనలేదు."

"మీరు అన్న మాటే కదా రాసింది. మీ మాటలో అబద్ధం ఉండదు. ఇక రాస్తే తప్పేమిటి?"

తూనికలాయన పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తప్పేమిటో ఆయనకే తెలియలేదు. ముద్ర కొట్టాక త్రాసు ఎక్కడ పెట్టుకున్నావని కొట్టువాణ్ణి అడిగే అలవాటు ఆయనకి లేదు. లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది. ఎవరో ముసలాయన వచ్చి, చీటీ చదివి, "ఆయనే చూశాడంటే ఇంక ఆలోచించేదేముంది, ఇవ్వు" అనడం విన్నాక ఇంకా గర్వంగా ఉంది.

ఆ రోజు త్వరగా ఇంటికి వచ్చాడు. రాళ్ళ పెట్టెలో మఖమల్ ఓ మూల చిరిగింది. భార్య కూరగాయలకి బజారు వెళ్ళినట్టుంది. తనే కుట్టుకుందామని ఆవిడ కుట్టుబుట్ట దించాడు. సూదులు గుచ్చుకునే చిన్న గుడ్డదిండు ఉంది అందులో. కుట్టుపనిలో మిగిలిన దారపు తునకలన్నీ ఆవిడ పారేయకుండా దాని పొట్టలో కూరుతుంటుంది. దాని నోరింకా కుట్టలేదు. అంచున కొత్తగా కూరిన నీలం తునకలు బయటికి తొంగిచూస్తున్నాయి.

అన్నీ ఒకే పొడుగు. కుట్టగా మిగిలిన దారం అలా ఉండదు. ఒకటి పొట్టిగా ఉంటుంది, ఒకటి పొడుగ్గా, ఒకటి నలిగి. ఇవి ఉండలోంచి నేరుగా కత్తిరించినవి. ఆయన గలేబు తీసి విప్పి చూశాడు. నీలం దారపు కుట్టు ఒక్కటి కూడా లేదు.

చిమటా తెచ్చి, తునకల్ని ఒక్కొక్కటే లాగి, బల్ల మీద వరసగా పేర్చాడు. ఎందుకు పేరుస్తున్నాడో చేతులకి ముందే తెలిసింది, మనిషికి తరువాత తెలిసింది. ఆదివారం వైరు ఎన్నిసార్లు నేల మీద పెట్టాడో మనసులో ఒక్కో బొరుసూ తలుచుకుంటూ, ఒక్కో తునక మీదా వేలు పెట్టుకుంటూ పోయాడు. బొరుసులైపోయేసరికి తునకలూ అయిపోయాయి.

కుర్చీ ఉన్నా కూర్చోకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ సంచితో వచ్చి, బల్లా, తునకలూ, వాటి పక్కన పెట్టిన కత్తెరా చూసింది. సంచి కింద పెట్టి, వంకాయలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టసాగింది.

"నేల మీద ఉంటే కత్తిరించావు," అన్నాడాయన. "దిమ్మెల మీద ఉంటే ఊరుకున్నావు."

"అవును."

"గదంతా వినపడి ఉండాలే!"

"వినపడింది. పళ్ళ డాక్టరుగారైతే పాట మధ్యలో ఈ గోలేమిటన్నట్టు నావైపు విసుగ్గా చూశారు కూడా."

"నేను దుప్పటి వెనకాలే ఉన్నానే!"

"అందరికంటే దగ్గర మీరే."

ఫ్యాను ఆపాడు, గడియారం ఆపాడు, డాక్టరు తాళాలు తీయించాడు. చెవులకి పెట్టిన పరీక్షలో కళ్ళకి గంతలు కట్టాడు. కత్తెర చప్పుడు ఎదురుగానే వచ్చి వెళ్ళింది. ఎంత తలుచుకున్నా అది విన్నట్టు ఆయనకి గుర్తు రావడం లేదు. ఆవిడ ఇంట్లో మసలితే అయ్యే చప్పుడు ఆయనకి చప్పుడు కింద లెక్కకి రాక ఎన్నేళ్ళయిందో!

"ఎందుకు చేశావే?"

"వాడు అడిగాడు."

"అడిగితే నా ముద్రతో ఆడుకుంటావా? ఎన్నేళ్ళ మాట అది! ఎవరు లంచం పెట్టినా, ఎవరు కాళ్ళు పట్టుకున్నా అనని మాట! ఇంట్లో మనిషి చేతిలో పోవాలా?"

ఆవిడ ఆఖరి వంకాయ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "తప్పే. కాదనను. గోడలో హోరుందని చెబితే వాడు వచ్చి చెవి పెట్టి, ఉందక్కా అన్నాడు. వాడికి నిజంగా వినపడిందో, నా మొహం చూసి అన్నాడో నాకు తెలీదు. నేను అడగలేదు. మీరు స్విచ్చి వేస్తూ తీస్తూ పరీక్ష పెట్టారు చూడండి, అది గోడకి కాదు, నాకు. కొట్లో దొంగ త్రాసుని చూసినట్టు చూశారు నన్ను." వంకాయ పళ్ళెంలో పెట్టింది. "మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. మీ సంతోషం చూసి భయమేసింది. అయినా కుళాయి దగ్గర మాట కదిపాను. అది వేరు అన్నారు."

ఆయన ముందుగదిలోకి వెళ్ళి రేడియో పెట్టాడు. వేణువు దొరికేదాకా మీట తిప్పాడు. ఊపిరి వినిపించింది. వంగి, వైరు కింద నుంచి దిమ్మెలు లాగి పారేశాడు. ఊపిరి అలాగే వినిపించింది. ఎప్పటి నుంచో ఉన్నదే అది. రేడియో కట్టేశాడు.

మర్నాడు దుకాణం తెరిచే వేళకి ఆయన వెళ్ళి నిలబడితే, బావమరిది ముందు నవ్వాడు, తరువాత నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక కళ్ళజోడు తుడిచే గుడ్డ అందుకున్నాడు.

"నాకు నిజంగానే వినిపిస్తుంది బావా, ఒట్టు! ఒక్కణ్ణీ ఉన్నప్పుడు ఎంత బాగా తెలుస్తుందనుకున్నారు! పరీక్ష అనేసరికి చెవులు బిగుసుకుపోతాయి. మీరేమో ఎలాగూ నమ్మరు. ఉన్న నిజానికే చిన్న సాయం తీసుకున్నాను, అంతే."

తూనికలాయనకి ఈ పాట కొత్తది కాదు. పళ్ళెం అడుగున అయస్కాంతం అంటించినవాడెవడూ తన సరుకు చెడ్డదని అనలేదు. మంచి సరుకే కదా, కాస్త సాయం అనే అన్నారు అందరూ. అయితే వాళ్ళెవరూ ఆయన్ని బావా అని పిలవలేదు.

"ఆదివారం అందరి ముందూ చెబుతాను," అన్నాడు.

"నన్ను అనండి, పడతాను. కానీ అక్క సంగతి కూడా బయటపడుతుంది కదా బావా. ఆవిడ పరువు ఆలోచించండి."

ఆయన వెనక్కి తిరిగి దుకాణంలోంచి బయటికి వచ్చేశాడు. మోసం చేసినందుకంటే ఆ మాట అన్నందుకు ఎక్కువ నొప్పి కలిగింది.

ఆ మూడు రోజులూ ఇంట్లో మాటలు ఉప్పు ఇయ్యి, తలుపు వెయ్యి దగ్గరే ఆగాయి. ఆదివారం నాడు ఆయన చెప్పులు వేసుకుంటుంటే, ఆవిడ కుట్టుబుట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వెందుకు?"

"ముద్ర కొట్టిన చోటే కదా కొట్టేస్తారు. నేను లేకపోతే ఎలా?"

పాటల గదిలో అందరూ చేరారు. ఆవిడ అదే గుమ్మం దగ్గర, అదే స్టూలు మీద కూర్చుంది. తూనికలాయన బల్ల మీదున్న అట్టపెట్టె ఒకటి తీసుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, చీటీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డగీత కొట్టాడు. తరువాత ఇంకో పెట్టె. తరువాత ఇంకోటి. పెన్సిలు గీత చప్పుడు గదంతా వినిపించింది.

"పోయిన ఆదివారం నేను చేసిన పరీక్ష తప్పు," అన్నాడు. "గదిలో పాట కాక ఇంకో చప్పుడు ఉంది. నాకు వినపడలేదు. వినపడనివాడు సరిపోయింది అనకూడదు. అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇంకో చప్పుడేమిటండీ? మీరు గడియారం కూడా ఆపించారు కదా," అన్నాడు పళ్ళ డాక్టరు. "పాట మధ్యలో నాకు వినపడ్డదల్లా ఆ..." అని గుమ్మం వైపు చూశాడు. ఆవిడ తలొంచుకోలేదు. బావమరిది కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరు తెరిచిన నోరు మూసుకున్నాడు.

కాసేపటికి ఆయనే మళ్ళీ, పిల్లవాడు మిఠాయి వెనక్కి ఇమ్మంటారేమోనని అడిగినట్టు అడిగాడు, "అయితే మా ఇంట్లో దిమ్మెలు? నాకు తేడా తెలుస్తున్నట్టే ఉందండీ."

"తెలిస్తే ఉంచుకోండి. లేదని నేననను. నా పేరు మీద మాత్రం ఉంచుకోకండి."

ఆ రోజు రికార్డు ఎవరూ పెట్టమనలేదు. దారిలో ఆయన ముందు నడిచాడు, ఆవిడ వెనక నడిచింది. గుంట దగ్గర మాత్రం ఇద్దరూ ఒకేసారి ఆగి, పక్కనుంచి వెళ్ళారు.

ఇంటికి వచ్చాక ఆవిడ వంటింట్లో కిటికీ వెలుతురులో కూర్చుని గలేబు తీసింది. సూదికి దారం ఎక్కించి, ఈసారి నిజంగానే కుట్టడం మొదలుపెట్టింది. ఆయన గుమ్మం దగ్గర తచ్చాడాడు. మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళలేదు. గ్లాసు తీసుకోలేదు.

"ఎక్కడ?" అన్నాడు.

ఆవిడ సూదితోనే చూపించింది. ఆయన వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని వంగి, గోడకి చెవి ఆనించాడు. సున్నం చల్లగా తగిలింది. కళ్ళు మూసుకున్నాడు. పొట్ట అడ్డం వస్తే పక్కకి తిరిగి మళ్ళీ ఆనించాడు.

చాలాసేపయ్యాక ఆవిడ అడిగింది. "వినపడుతోందా?"

అవునంటే సరిపోయేది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"లేదు," అన్నాడు. చెవి మాత్రం తీయలేదు.

వెనక కత్తెర కిచ్చుమంది.

"ఇదో?"

"ఇది వినపడింది," అన్నాడు ఆయన, గోడకి చెవి ఆనించి ఉంచే.